నీలం మూత మందు

మార్చి 4

నా తెల్లకోటు తల్లికి,

నేల మీద కాళ్ళు నిలవని నాన్న రాస్తున్న ఉత్తరం.

నీ కబురు నిన్న సాయంత్రం బస్సు కండక్టరు తెచ్చాడు. తేవడం కూడా కాదు, బస్సు ఆగకముందే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుకుంటూ వచ్చాడు. పరిశోధనశాలలో ఉద్యోగం, ఆర్నెల్లకి ఒప్పంద కాగితం, వేసుకోవడానికి తెల్లకోటు. ఈ మూడు ముక్కల్నీ రోడ్డు మీదే నిలబడి నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి గట్టిగా చదివానట. నేనెంత గట్టిగా చదువుతున్నానో నాకెలా తెలుస్తుంది? నూలు మిల్లు మోత ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా చెవుల్ని మింగేసింది గానీ గొంతు జోలికి రాలేదు. టీ కొట్టు ముందున్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. వినపడలేదు. చేతులు కలవడం చూశాను, చాలదూ?

ఫోన్లో మాట్లాడుకునే యోగం లేకపోయిందని నువ్వు ప్రతిసారీ రాస్తావు. నాకైతే ఆ దిగులు లేదు. ఫోన్లో మాట చెవిలో పడితేనే మాట. ఉత్తరం జేబులో ఉంటుంది, ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు మాట్లాడుతుంది.

పిడుగు బాగుంది. నువ్వు బస్సెక్కిన రోజు ఒక్కటే ఏడ్చింది. మర్నాటి నుంచి నా వెనకే తోటకి వస్తోంది. హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు, అల్లుడుగారు ఓడ దిగేది వచ్చే ఏడాది. అంటే ఆర్నెల్ల పాటు నాలుగేళ్ళ మనవరాలు నా ఒక్కడి సొత్తు. ఈ వయసులో నాకు లాటరీ తగిలింది. నువ్వు బెంగపడితే నా సంతోషానికి దిష్టి పెట్టినట్టే.

ఇంకో మంచి కబురు. పనిముట్ల గది పక్కన, క్యారెట్ మడికి ఆనుకుని, వీధి కుక్క ఒకటి ఐదు పిల్లల్ని పెట్టింది. పిడుగు రోజూ లెక్కపెడుతుంది. ఎప్పుడు లెక్కపెట్టినా ఆరే వస్తాయి. ఆరోది ఎక్కడే అంటే గుండె మీద చెయ్యి వేసుకుని, నా మొహానికి దగ్గరగా వచ్చి, పెదాలు బాగా తెరిచి 'నేనే' అంటుంది. దాని పెదాలు నాకు కంఠతా వచ్చేశాయిలే. ఊళ్ళో అందరికన్నా దాని మాటే నాకు బాగా వినపడుతుంది.

సరే, ఇంతకీ అక్కడ నీచేత చేయించే పనేమిటి? కండక్టరు అడుగుతున్నాడు. నేను 'చాలా పెద్ద పని' అని చెప్పాను. అది ఏ పెద్ద పనో రాస్తే మాట నిలబెట్టుకుంటాను.

నీ సంగతి చెప్పుకుని చెప్పుకుని ఇంకా అలసిపోని,
నాన్న


మార్చి 15

నాన్నా,

నువ్వు రోడ్డు మీద చదివావని తెలిసి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

నా పెద్ద పని చెబితే ముక్కు మూసుకుంటావు. వీధి కుక్కల మలం తెచ్చి, నీళ్ళలో కలిపి, జల్లెడ పట్టి, అందులోంచి నట్టల గుడ్లు ఏరతాం. కుక్కపిల్లల కడుపులో తెల్లగా, పొడుగ్గా ఉండే నట్టలు నువ్వు చూసే ఉంటావు. ఒక్కో ఆడ నట్ట రోజుకి లక్ష గుడ్లకి తక్కువ పెట్టదు. అవి కంటికి కనపడవు. మట్టిలో పడ్డాక రెండు మూడు వారాలకి గుడ్డు లోపల పిల్ల చుట్టుకుని తయారవుతుంది. అప్పటిదాకా ఏ ప్రమాదమూ లేదు. తయారయ్యాక మాత్రం ఆ మట్టి మనిషి నోట్లోకి పోకూడదు. పోతే పిల్ల బయటికొచ్చి రక్తంలో పడుతుంది. కుక్క ఒంట్లో దానికి దారి తెలుసు, మన ఒంట్లో తెలీదు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఒక్కోసారి కంట్లో తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. ఆగినచోట పాడవుతుంది. ఎక్కువగా మట్టిలో ఆడే చిన్నపిల్లలకే వస్తుంది.

పొలాల్లో చల్లే మందులు ఈ గుడ్లని ఏం చేస్తాయి అన్నది మా మేడం ప్రశ్న. నాలుగు మందులు తెచ్చాం. రెండు పురుగులవి, ఒకటి గడ్డిది, నాలుగోది తెగులుది. ఆ నాలుగోది నువ్వు క్యారెట్లకి కొట్టే నీలం మూత సీసాయే. బల్ల మీద దాన్ని చూడగానే మన పనిముట్ల గది వాసన వచ్చినట్టయింది. ఒక్కో మందు నీళ్ళలో కొన్ని వేల గుడ్లు వేసి, రోజూ వందేసి లెక్కపెడతాను. మైక్రోస్కోపు పాతది, ఒకటే గొట్టం. ఒక కన్ను మూసుకుని చూడాలి. సాయంత్రానికి మొహం వంకర పోయినట్టుంటుంది.

ఇది చదివాక నువ్వు చేయాల్సినవి రెండు. ఆ కుక్కపిల్లలకి పశువుల డాక్టరు దగ్గర నట్టల మందు తాగించు. పిడుగు తోటలోంచి రాగానే సబ్బుతో చేతులు కడుగు. నవ్వి ఊరుకోకు.

మీ అమ్మాయి


ఏప్రిల్ 2

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజు గర్వం పట్టుకుంది. లక్ష గుడ్లు కంటితో చూసే కూతురు ఎవరికుంది? మిల్లులో నాతోపాటు పనిచేసిన మేస్త్రి, తన కూతురు బ్యాంకులో డబ్బు లెక్కపెడుతుందని పదేళ్ళుగా నా బుర్ర తింటున్నాడు. నిన్న వాడి దగ్గర కూర్చుని, 'మా అమ్మాయి కూడా లెక్కపెడుతుందిరా, కాకపోతే ఎవరికీ కనపడనివి' అన్నాను.

సబ్బు కొన్నాను. చేతులు కడుగుతున్నాను. పిడుగు కడిగించుకుంటోంది, కడిగిన చేత్తోనే పరిగెత్తుకెళ్ళి మళ్ళీ కుక్కపిల్లని ఎత్తుకుంటోంది. దాని వెనక నేను, నా వెనక తల్లికుక్క.

నువ్వు ఒక కన్ను మూసుకుని పనిచేస్తావని పిడుగుకి చెప్పాను. ఇక చూస్కో. పాత క్యాలెండరు కాగితం గొట్టంలా చుట్టి ఇవ్వమంది. దాంతో చీమల్ని, క్యారెట్ ఆకుని, నా ముక్కులో వెంట్రుకల్ని చూస్తోంది. ఒకసారి ఈ కన్ను మూస్తుంది, ఒకసారి ఆ కన్ను మూస్తుంది, ఒక్కోసారి రెండూ మూసేసి 'అమ్మ కనిపించింది' అంటుంది. నీ పోలికే. దానికీ తెల్లకోటు కుట్టించాలి.

పశువుల డాక్టరు ఊళ్ళో లేడు, వచ్చే వారం వస్తాడట. అంతలో ఒక్కటి చెప్పు. మన నీలం మూత సంగతి ఏమైంది? నాలుగు మందుల్లో మనది ఎన్నో స్థానంలో ఉంది? పరీక్షలో పిల్ల మార్కుల కోసం ఎదురుచూసినట్టుంది నాకు. పదిహేనేళ్ళుగా ఆ మందే కొడుతున్నాను. పరువు పోగొట్టకపోతే అంతే చాలు.

జవాబు కోసం రోజూ బస్సుకి ఎదురెళ్ళే,
నాన్న


ఏప్రిల్ 10

నాన్నా,

రెండు ముక్కలే రాస్తాను, డ్యూటీలో ఉన్నాను.

నాలుగు వారాలు కావస్తోంది. వట్టి నీళ్ళలో పెట్టిన గుడ్లలో వందకి ఎనభై ఐదు తయారైపోయాయి. లోపల పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. పురుగుల మందు రెంటిలోనూ, గడ్డి మందులోనూ దాదాపు అంతే. వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. గుడ్డు పెంకు అంత గట్టిది.

నీ నీలం మూత మందులో మాత్రం ఒక్కటీ ఎదగలేదు. మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మేడం వచ్చి తనే కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టింది. మనుషులకిచ్చే నట్టల మాత్రలకి ఆ మందు దూరపు చుట్టమట, అందుకే కావచ్చు అంది. నాకైతే నీ క్యారెట్ మడి గుర్తొచ్చి చాలా సంతోషం వేసింది.

పని ఇంకా అయిపోలేదు. ఆ గుడ్లని మందులోంచి తీసి ఏమవుతుందో చూడాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. కుక్కపిల్లలకి మందు తాగించావా?

మీ అమ్మాయి


ఏప్రిల్ 21

నా విజయలక్ష్మీ,

చెప్పకు అన్నావు. మొదట ఆ మాట చదవలేదమ్మా, ఒట్టు. 'ఒక్కటీ ఎదగలేదు' అన్న దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. లేచి, చొక్కా మార్చుకుని, తిన్నగా పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నాతో మాట్లాడడానికి ఒక చిత్తుకాగితాల కట్ట పెట్టుకుంటాడు, నేను నోటితో, ఆయన పెన్నుతో. నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. తర్వాత పెద్ద అక్షరాలతో 'కంపెనీవాళ్ళు ఇరవై ఏళ్ళలో చెప్పని మాట మీ అమ్మాయి చెప్పింది పెద్దాయనా' అని రాశాడు. ఆ చిత్తుకాగితం నా జేబులోనే ఉంది.

నీ ఉత్తరం ఆయన అద్దం కట్టించాడు. తరాజు వెనక గోడకి, అందరికీ కనపడేలా. 'నీ నీలం మూత మందులో మాత్రం ఒక్కటీ ఎదగలేదు' అన్న వాక్యం కింద ఎర్ర గీత. నిన్న అరగంట అక్కడ బెంచీ మీద కూర్చుని ఊరికే చూశాను. ఎవరొచ్చినా చదువుతారు, చదివి నన్ను చూస్తారు. చెవులు వినపడకపోయినా సన్మానం ఎలా ఉంటుందో తెలిసింది.

పశువుల డాక్టరు వచ్చాడు. కుక్కపిల్లలకి మాత్రలు రాసివ్వబోయాడు. నేను నవ్వి, వీటికన్నా గట్టిది నా దగ్గర ఉంది, మా అమ్మాయి పరీక్షించి మరీ చెప్పింది అన్నాను. ఆయన భుజాలు ఎగరేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే కుక్కపిల్లలు తిరిగే జాగా అంతా, మడి గట్లు, పనిముట్ల గది గడప, అంగుళం వదలకుండా మందు కొట్టాను. భయం లేదు, కొట్టాక ఎనిమిది రోజులు పిడుగుని తోటలోకి రానివ్వలేదు. గుమ్మంలో కూర్చుని నన్ను తిట్టుకుంది.

తొమ్మిదో రోజున వదిలాను చూడు, లేడిపిల్లే. తన చేత్తో తను మొదటి క్యారెట్ పీకింది. తన అరచేయంత ఉంది. అక్కడే తొట్టిలో ముంచి, కరకరా నమిలేసింది. ఇదివరకు తొక్క తీసి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఎందుకూ? నీ చదువు దాన్ని కాపలా కాస్తోంది.

మొన్న కాలం కాని కాలంలో మూడు రోజులు వాన పడింది. మట్టి మెత్తబడి క్యారెట్లు వెన్నలా ఊడి వస్తున్నాయి. ఒక బుట్ట కండక్టరు చేత పంపుతున్నాను. మేడంకి కూడా ఇవ్వు.

ఊళ్ళో ఈమధ్య నా పేరు మర్చిపోయారు, 'అద్దంలో ఉత్తరం నాన్న' అంటున్నారు. ఆ,
నాన్న


మే 12

నాన్నా,

బస్సు బయలుదేరుతోంది, కండక్టరు హారన్ కొట్టిస్తున్నాడు. నిలబడి రాస్తున్నాను.

ఆ ఉత్తరం గోడ మీంచి తీయించు. ఇవాళే. చెప్పకు అన్నాను కదా నాన్నా.

గుడ్లు చావలేదు. ఆగాయి, అంతే. మందులోంచి తీసి మంచి నీళ్ళతో కడిగి పెట్టాం. పదకొండో రోజున లేచాయి. నాలుగో వారానికి వందకి డెబ్బై తయారయ్యాయి, కదులుతున్నాయి. మందు అడ్డం ఉన్నంతసేపే నిద్ర. నీళ్ళు తగిలి మందు పోగానే మళ్ళీ మొదలు.

కుక్కపిల్లలకి డాక్టరిచ్చిన మాత్రలు వేయి. తోటలోది ఏదీ పిడుగుకి అలాగే పెట్టకు. 15 నుంచి ఏడు వారాలు మట్టి నమూనాల కోసం ఊళ్ళు తిరగాలి. ఒక చోట ఉండను. నువ్వు రాసినవి నా బల్ల మీదే ఉంటాయి, వచ్చాక చదువుతాను. మిగతాది వివరంగా తర్వాత


మే 20

తల్లీ,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. కండక్టరు తొందర, వాడూ వాడి హారనూ. కోపంలో ఉన్నావని అర్థమైంది. కానీ నీ కోపం చదివాక నాకు ఇంకా సంతోషం వేసింది, ఎందుకో విను.

నువ్వు ఆ నాలుగు ముక్కలు రాయకపోతే ఎంత పొరపాటు జరిగిపోయేదో. నేను రోజూ తొట్టిలో ముంచి మరీ ఇస్తున్నానమ్మా. మందు వాటిని నిద్రపుచ్చుతోంటే, నా చేత్తో నేనే నీళ్ళు కొట్టి లేపుతున్నానన్నమాట. చదవగానే లేచి తోటకి పరిగెత్తాను. ఆ క్షణం నుంచి తోటలో కాయ మీద చుక్క నీరు పడనివ్వడం లేదు. తొట్టి బోర్లించేశాను. క్యారెట్ పీకగానే నా భుజం మీద తువ్వాలుతో శుభ్రంగా, పొడిపొడిగా తుడిచి ఇస్తున్నాను. ఒక్కటి కూడా కడగలేదు. ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా?

ఉత్తరం తీయించమన్నావు. తీయడం దేనికి, సరిదిద్దించాను. కొట్టాయన మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. నీ ఉత్తరం కింద ఇంకో కాగితం అతికించి 'గమనిక: కాయలు నీళ్ళతో కడగరాదు, పొడిగుడ్డతో తుడవాలి' అని రాయించాడు. అందరూ అది చదివి నోట్ చేసుకుంటున్నారు. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు చూడు.

చేతులు కూడా కడగడం మానేశాం. తువ్వాలుతోనే పిడుగు చేతులూ, మూతీ తుడుస్తున్నాను. సబ్బు మీద దానికి ఎలాగూ ప్రేమ లేదు.

మాత్రలంటావా, పిల్లలు పెద్దవైపోయాయి. రెండింటిని టీ కొట్టువాళ్ళు తీసుకెళ్ళారు. మిగిలినవి పట్టుకుంటే కదా మందు వేయడానికి. పిడుగుకి తప్ప ఎవరికీ చిక్కవు.

పిడుగుకి వారం రోజులు కొంచెం జ్వరం, పొడి దగ్గు వచ్చి తగ్గాయి. దగ్గు నాకు వినపడదు కదా, రాత్రుళ్ళు దాని వీపు మీద చెయ్యి వేసుకుని పడుకునేవాణ్ణి. దగ్గితే చేతికి తెలిసేది. ఇప్పుడు చేతికి ఏమీ తెలియడం లేదు.

నువ్వు ఊళ్ళు తిరుగుతూ ఎండలో టోపీ పెట్టుకో. నీ బల్ల మీద ఈ ఉత్తరం నీకోసం ఓపిగ్గా కూర్చుని ఉంటుంది, నాలాగే.

పొడితువ్వాలు,
నాన్న


జూన్ 30

నా తిరుగుళ్ళ తల్లీ,

వచ్చేశావా? రాగానే ఇది పైన ఉండాలని కండక్టరుకి మరీ మరీ చెప్పాను.

ముందు నవ్వించే కబురు. పిడుగు నిన్ను మించిపోయింది. మొన్నటిదాకా కాగితపు గొట్టం ఉంటేనే కన్ను మూసేది. ఇప్పుడు గొట్టం పారేసింది. దేన్ని చూడాలన్నా ఒక కన్ను మూసుకుంటుంది. బొమ్మల పుస్తకం చూసినా, నా మొహం చూసినా, మెట్లు దిగినా. అచ్చం శాస్త్రవేత్తే. అది కూడా ఎప్పుడూ ఎడమ కన్నే. నేను కుడి కన్ను మూసి చూపించి ఇలా చెయ్యవే అంటే తల అడ్డంగా ఊపి పారిపోయింది. నీ అలవాటు కూడా ఎడమదేనా? నువ్వు రాస్తే దానికి చదివి వినిపిస్తాను. పొంగిపోతుంది.

చిన్న గొడవ ఒకటి, నీకు రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. నీళ్ళ గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకుంటోంది. రెండుసార్లు గ్లాసు పడింది. మొదట కొంటెతనం అనుకుని కసిరాను, తర్వాత నాకే పాపం అనిపించింది. ఎదిగే పిల్లలు కదా, చేతులకి పొడుగు తెలీదు. నువ్వూ అంతే, ఆ వయసులో రోజూ ఏదో ఒకటి బద్దలుకొట్టేదానివి. మీ అమ్మ నీ కంచం ఇత్తడిది చేయించింది అందుకే.

క్యారెట్లు రెండో కాపు వచ్చాయి. పక్క తోటలవాళ్ళూ తొట్లు బోర్లించారు. సంత రోజున ఎవరి భుజం మీద చూసినా తువ్వాలే. అదంతా నీ ఉత్తరం మహిమ. కొట్టాయన నీకు నమస్కారం చెప్పమన్నాడు.

ఆర్నెల్ల కాగితం ఇంకో రెండు నెలలేగా. అప్పటికి పిడుగు నీ కుర్చీలో కూర్చుంటుంది చూడు.

ఇంతకన్నా ఏం కావాలి అనుకునే,
నాన్న


జూలై 5

నాన్నా,

రెండు ఉత్తరాలూ ఇప్పుడే చదివాను. కండక్టరుని ఆపి ఉంచాను. నెమ్మదిగా, ఒక్కో వాక్యం చదువు. దేన్నీ దాటేయకు.

నేను ఎప్పుడూ ఒకే కన్ను మూయను. అలసిన కన్ను మూసి రెండోదాంతో చూస్తాను. ఆటగా చేసేవాళ్ళెవరైనా అంతే. ఏప్రిల్లో పిడుగు కూడా ఒకసారి ఇది, ఒకసారి అది మూసిందని నువ్వే రాశావు. ఇప్పుడు ఎప్పుడూ ఎడమదే మూస్తోందంటే అది ఆట కాదు.

గుడ్లని కడిగినప్పుడు నీళ్ళు వాటికి ప్రాణం పోయలేదు. మందు వదిలింది, అంతే. మీ మూడు రోజుల వాన ఆ పని ఎప్పుడో చేసేసింది. గుడ్డు పైన జిగురు ఉంటుంది. నీళ్ళలో గట్టిగా రుద్ది, తొక్క తీస్తేనే పోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి అంటుకుంటుంది, గుడ్డ నుంచి చేతికి, మూతికి. నేను నిలబడి, తొందరలో, సగం రాశాను. తప్పు నాది. నువ్వు నీ మీద వేసుకోకు. ఆ తువ్వాలుని మాత్రం కాల్చెయ్యి.

ఇప్పుడు చేయాల్సింది. పిడుగుని వెలుతురులో కూర్చోబెట్టు. ఆటలాగే చెయ్యి, భయపెట్టకు. దాని కుడి కన్నుని నీ అరచేత్తో పూర్తిగా మూసి, నీ మొహంలో ఏది ఎక్కడుందో వేలితో చూపించమను. దాని పెదాలు నీకు తెలుసుగా, ఏమంటుందో చూడు. ఏమన్నా సరే, అనకపోయినా సరే, రేపు ఇదే బస్సులో తీసుకురా. ముందు రెండు సీట్లు కండక్టరు ఉంచుతాడు. కళ్ళ డాక్టరుతో మాట్లాడాను. సాయంత్రం బస్టాండులో ఉంటాను.

గోడ మీది కాగితం ఈసారి సరిదిద్దించకు. చింపెయ్యి.

మీ అమ్మాయి


జూలై 6, బస్సులోంచి

అమ్మా,

బస్సు కుదుపుకి అక్షరాలు వంకరపోతున్నాయి, సర్దుకుని చదువు. సాయంత్రం నీ ఎదురుగానే ఉంటాను, అయినా రాస్తున్నాను. దిగగానే నువ్వు ఏదో అంటావు, నాకు వినపడదు. నేను చెప్పాల్సింది నోట రాదు. అందుకని చేతికిస్తాను.

నిన్న నీ ఉత్తరం అందగానే మొదట కొట్టుకే వెళ్ళాను. పిడుగుని ముందు చూడాల్సింది. ధైర్యం చాలలేదు. అద్దం గోడ మీంచి ఊడదీసి నేల మీద కొట్టాను. కొట్టాయన గొడవ పడలేదు. చిత్తుకాగితం మీద రాశాడు: 'ఇది తీసి ఏం లాభం పెద్దాయనా? నకళ్ళు వేయించాను. మే నెల నుంచి సీసా కొన్న ప్రతివాడికీ ఒకటి చుట్టి ఇస్తున్నాను.' ఎన్ని అని అడిగాను. పెన్ను పట్టుకుని ఆలోచించాడు. ఎన్నో ఆయనకే తెలీదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోయారట. నీ దస్తూరీ ఎన్ని ఇళ్ళలో ఉందో, ఏ పిల్ల మూతి ఏ తువ్వాలు తుడుస్తోందో.

తర్వాత ఇంటికి వచ్చాను. తువ్వాలు పొయ్యిలో పెట్టాను. పిడుగుని వసారాలో ఎండ పడేచోట కూర్చోబెట్టి, ఆట ఆడదామా అన్నాను. ఎగిరి గంతేసింది. కుడి కన్ను నా అరచేత్తో మూశాను. దాని కనురెప్ప వెంట్రుకలు నా చేతిలో పక్షిపిల్లలా కొట్టుకున్నాయి.

తాత చెవి ఏదే అన్నాను. చూపించింది. రెండో చెవి? అదీ చూపించింది. నెత్తి మీద జుట్టు, గడ్డం కింద తోలు, అన్నీ చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, మీ అమ్మ ఊరికే కంగారు పడింది అన్నాను కూడా.

ముక్కు ఏదే అన్నాను.

వేలు ముందుకొచ్చి గాల్లో ఆగింది. అటు వెళ్ళింది, ఇటు వెళ్ళింది. తర్వాత నవ్వింది. అమ్మా, అది నవ్వింది. పెదాలు బాగా తెరిచి, నాకు అర్థం కావాలని నెమ్మదిగా చెప్పింది. 'తాతకి ముక్కు లేదు. కళ్ళు లేవు. మధ్యలో బూడిద ఉంది. చెవులే ఉన్నాయి.'

నా ఒంట్లో పనికిరాని చెవులు రెండే ఆ కన్నుకి మిగిలాయి.

తప్పు నీది అని రాశావు. కాదు. నువ్వు సగం రాస్తే, మిగతా సగం నేను సంతోషంతో నింపుకున్నాను. డాక్టరు అడిగితే ఆ మాట చెప్పు. ఏ రోజున ఏం తిందో, ఎన్నిసార్లు తిందో అన్నీ నాకు గుర్తున్నాయి. ప్రతి క్యారెట్ గుర్తుంది. అడిగినంతా రాసిస్తాను. రెండో కన్నుకి రాకుండా ఆపగలరో లేదో అడుగు. ఆయన పెదాలు నేను చదవలేను. నువ్వు విని, ఒక కాగితం మీద రాసి చూపించు. ఎలాంటిదైనా సరే, సగం వద్దు, మొత్తం రాయి.

ఇంతసేపూ నా ఒళ్ళో నిద్రపోయింది. ఇప్పుడే లేచింది. కిటికీ అవతల తోటలు వెళుతున్నాయి. వీపు మీద మందు డబ్బా కట్టుకుని ఎవరో మడి మధ్య నడుస్తున్నాడు. మూత రంగు ఇంత దూరం నుంచి కనపడదు. పిడుగు అటు చూడలేదు. నా వైపు తిరిగి, ఎడమ కన్ను మూసుకుని, నా మొహం అంతా ఒకసారి చూసుకుని, మళ్ళీ పడుకుంది.

ఆట అనుకున్నాను. ఇన్నాళ్ళూ అది అలాగే నన్ను వెతుక్కుంటోంది.

బస్టాండు వస్తోంది,
నాన్న